తలలోని కరెంటును గీసిన డాక్టర్

బీటెక్ సెకండియర్‌లో మా హాస్టల్లో ఒకబ్బాయికి ఫిట్స్ వచ్చాయి. అందరం పరిగెత్తుకెళ్లి ఏం చేశామో తెలుసా? చేతిలో తాళాలు పెట్టాం. మీరైనా అదే చేసేవాళ్లేమో. ఇనుముకీ ఫిట్స్‌కీ ఏ సంబంధమూ లేదని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు నుంచి వాడు మమ్మల్ని తప్పించుకు తిరిగాడు. మేమూ వాణ్ని అదోలా చూశాం. అది మా తప్పే.

ఫిట్స్ అంటే గాలీ ధూళీ కాదు, మెదడులో కాసేపు అదుపు తప్పిన కరెంటు. దాన్ని కాగితం మీద చూసే దారి వేసినాయన గురించి ఈ వారం చెప్పుకుందాం. పేరు హాన్స్ బెర్గర్. ఆస్పత్రిలో తల మీద వైర్లు అతికించి తీసే ఈఈజీ ఆయన చలవే.

గుర్రం మీద నుంచి పడి...

బెర్గర్ 1873 మే 21న జర్మనీలోని కోబర్గ్ దగ్గర పుట్టాడు. తండ్రి డాక్టర్. తల్లి తండ్రి ఫ్రెడరిక్ ర్యుకెర్ట్ పేరున్న కవి. కుర్రాడికేమో నక్షత్రాల మీద మనసు. యూనివర్సిటీలో లెక్కలు చదవడానికి చేరి, ఒక్క సెమిస్టర్‌కే వదిలేశాడు. మన భాషలో చెప్పాలంటే డ్రాపౌట్.

తర్వాత ఏడాది పాటు సైన్యంలో చేరాడు. ఒకరోజు శిక్షణలో గుర్రం బెదిరి పైకి లేచింది. కింద పడ్డ బెర్గర్ మీదికి ఫిరంగి బండి వస్తోంది. చివరి క్షణంలో అది ఆగింది. ఆ సాయంత్రమే తండ్రి దగ్గర్నుంచి టెలిగ్రామ్, క్షేమంగా ఉన్నావా అని. ఎక్కడో ఇంట్లో ఉన్న తోబుట్టువుకు తనకేదో ఆపద వచ్చిందనిపించి, తండ్రి చేత టెలిగ్రామ్ ఇప్పించిందట.

మనమైతే కాకతాళీయం అనుకుని వదిలేస్తాం. బెర్గర్ మాత్రం మనసు నుంచి మనసుకు ఏదో శక్తి ప్రయాణించిందని నమ్మాడు. ఆ నమ్మకానికి ఆధారం దొరకలేదు. కానీ దాని వెంటే ఒక మంచి ప్రశ్న పట్టుకుంది. ఆలోచనకు కొలవగలిగే గుర్తు ఏదైనా ఉంటుందా? దాని కోసమే మెడిసిన్‌లో చేరాడు.

పాతికేళ్ల వెతుకులాట

1897లో యేనా నగరంలోని మానసిక వైద్యశాలలో ఉద్యోగం వచ్చింది. మెదడులో రక్తప్రసరణ కొలిచాడు, ఉష్ణోగ్రత కొలిచాడు. కావాల్సిన జవాబు రాలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యుడిగా వెళ్లొచ్చి, 1919లో అదే వైద్యశాలకు డైరెక్టర్ అయ్యాడు. పగలంతా ఆస్పత్రి పని. అది అయ్యాక చిన్న గదిలో సొంత ప్రయోగాలు.

జంతువుల మెదడులో విద్యుత్ ఉంటుందని ఇంగ్లండ్‌లో రిచర్డ్ కేటన్ 1875లోనే చూపించాడు. మనిషి తల మీద నుంచి దాన్ని పట్టుకోవడమే కష్టం. ఒక లెక్క చూడండి. టీవీ రిమోట్‌లో వేసే సెల్ 1.5 వోల్టులు. దాన్ని 30 వేల భాగాలు చేస్తే ఒక్కో భాగం 50 మైక్రోవోల్టులు. మెదడు నుంచి తల పైకి వచ్చే సిగ్నల్ సుమారు అంతే. పక్కనే గుండె, కండరాలు, కనురెప్పలు చేసే నాయిస్. బెర్గర్‌కు ఎలక్ట్రికల్ పరిజ్ఞానమూ అంతంతమాత్రమే.

1924 జులై 6న, ఆపరేషన్ చేయించుకుంటున్న 17 ఏళ్ల కుర్రాడి తల నుంచి మొదటిసారి సిగ్నల్ అందింది. అప్పటికి బెర్గర్ వయసు 51. వెంటనే ప్రకటించేశాడా? లేదు. అది మెదడుదేనా, నాయిసా అని ఐదేళ్లు తనను తానే అనుమానించుకున్నాడు. కొడుకు క్లౌస్‌ను కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ రికార్డు చేశాడు. 1929లో పేపర్ వేశాడు. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉంటే సెకనుకు దాదాపు పదిసార్లు ఊగే అల, కళ్లు తెరవగానే తగ్గిపోయేది. దానికి ఆల్ఫా అని పేరు పెట్టాడు.

చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఆడ్రియన్, మాథ్యూస్ అదే ప్రయోగం చేసి నిజమేనన్నాక ప్రపంచం తిరిగి చూసింది. 1935లో అమెరికాలో, కాసేపు స్పృహ తప్పినట్టుండే ఒక రకం ఫిట్స్‌లో సెకనుకు మూడుసార్లు వచ్చే అల దొరికింది. 1937లో నిద్రకు దశలున్నాయని ఈఈజీతోనే తేలింది. మన కునుకు, గాఢనిద్ర, మూర్ఛ అన్నీ గీతలుగా కనిపించడం మొదలైంది.

రెండో ముఖం

కథ ఇక్కడితో ఆపితే ఆయన్ని పొగిడినట్టవుతుంది గానీ, నిజం చెప్పినట్టవదు.

1933లో నాజీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వంశపారంపర్య మూర్ఛ, ఉన్మాదం-దిగులు మారిమారి వచ్చే జబ్బు వంటివి ఉన్నాయంటే బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చు. అలాంటి కేసులపై వచ్చే అప్పీళ్లు వినే యేనా కోర్టులో కూర్చున్నవాళ్లలో బెర్గర్ ఒకడు. మూర్ఛను విద్యుత్ సంకేతంగా చూపిన మనిషే, మూర్ఛ ఉన్నవాళ్ల జీవితాల మీద తీర్పు చెప్పే చోట కూర్చున్నాడు. జబ్బును కొలవడం నేర్చుకున్నంత మాత్రాన మనిషిని గౌరవించడం వచ్చేయదు.

1938లో రిటైరయ్యాడు. ఒంట్లో జబ్బు, మనసులో తీవ్రమైన డిప్రెషన్. 1941 జూన్ 1న తన ప్రాణం తానే తీసుకున్నాడు. జీవితమంతా మానసిక వైద్యం చేసినాయన్నే ఆ జబ్బు లొంగదీసుకుంది. తెలివికీ చదువుకీ డిప్రెషన్ భయపడదు. ఫిట్స్‌లాగే అదీ జబ్బే, చేతకానితనం కాదు. దానికి వైద్యం ఉంది.

మరి మనం?

నవ్వుకునే ముందు మన ఇంటి సంగతి చూద్దాం. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చూపే మాట 1999 దాకా ఉంది. చట్టం మారింది. సంబంధాలు చూసే పెద్దలు, ఇంటర్వ్యూ గదులు ఇంకా మారాలి.

రేపు మీ ముందు ఎవరికైనా ఫిట్స్ వస్తే తాళాలు వెతక్కండి. పక్కకు ఒత్తిగిలించండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. టైమ్ చూసుకోండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ప్రాజెక్ట్ ఐడియా కోసం చూస్తున్నారా? ఫిజియోనెట్‌లో నిద్ర, ఫిట్స్ ఈఈజీ డేటా ఉచితంగా దొరుకుతుంది. పైథాన్‌లో ఎమ్‌ఎన్‌ఈ లైబ్రరీతో ఆల్ఫా అలను మీరే చూడొచ్చు. రెజ్యూమెలో రాసుకోదగ్గ పని.

ఇక రిజెక్షన్ మెయిల్స్ చూసీ చూసీ నిద్ర పట్టడం లేదా? వారాల తరబడి ఏదీ చేయబుద్ధి కావడం లేదా? ఒక్కరే మోయకండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. బెర్గర్‌కు ఆ రోజు లేని నంబర్ మీ ఫోన్‌లో ఉంది.