ఆకాశమును పటమునకెక్కించిన వైను బప్పు

2024వ సంవత్సరము మే 10వ తేదీ రాత్రి లడఖ్ ప్రాంతమున హాన్లే గ్రామము చెంతనున్న కొండపై కెమెరాలు ఒక వింతను పట్టినవి. ఉత్తరపు దిక్కున ఆకాశము కుంకుమ చల్లినట్లు ఎఱ్ఱబడెను. నార్వే, ఐస్‌లాండు మొదలగు దేశముల వారికి పరిచితమైన ధ్రువజ్యోతియే అది. సూర్యుని నుండి వెడలిన విద్యుత్కణములు భూమి యొక్క అయస్కాంత ప్రభావమునకు లోనై, మీది వాయువులను తాకగా ఆ వెలుగు పుట్టును. మిక్కిలి ఎత్తున నుండు ఆక్సిజను ఎఱ్ఱని కాంతి నిచ్చును. గొప్ప సౌరతుఫాను చెలరేగిననే గాని అది మన దేశపు టంచులకు రాదు. వచ్చినను కంటికి లీలగా తోచును, లేదా తోచనే తోచదు. కెమెరా మాత్రము వెలుగును కొంచెము కొంచెముగా కూడబెట్టుకొని స్పష్టముగా చూపును.

హాన్లే వేధశాల భారత ఖగోళభౌతిక సంస్థకు చెందినది. ఆ సంస్థను తీర్చిదిద్దినవారు మణాలి కల్లాట్ వైను బప్పు గారు. హాన్లే వేధశాల వారి మరణానంతరము వెలసినదే యైనను, అట్టి కొండల నెదికి దూరదర్శినులు నిలుపు మార్గమును చూపినవారు వారే.

బప్పు గారు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించిరి. కేరళీయులే గాని, వారి బాల్యము గడచినది హైదరాబాదులో. మన నాందేడు జిల్లా కూడ 1956 వరకు ఆ హైదరాబాదు రాష్ట్రములోనిదే. వారి తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. నవాబు జఫర్ జంగు గారు స్వంత ధనముతో 1901లో నెలకొల్పిన ఆ వేధశాల, ఆయన మరణానంతరము ప్రభుత్వపరమై బేగంపేటకు చేరినది. గాజుపలకలపై నక్షత్రముల ఛాయాచిత్రములు తీయుట, వాని స్థానములను కొలిచి పట్టికలుగా అచ్చొత్తించుట అచ్చట ఏండ్ల తరబడి సాగెను. 1887లో పారిస్ నగరమున సంకల్పించిన ప్రపంచ నక్షత్రపటమున హైదరాబాదు వంతు అది. ఇతర బాలురకు ఊరి చెరువు ఎట్లో, ఈ బాలునకు దూరదర్శిని అట్లు! నిజాం కళాశాలలో చదువు దినములలోనే వారు కాంతి మారుచుండు నక్షత్రములను గూర్చి వ్యాసములు ప్రకటించిరి.

హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. కొన్ని నెలలైనను నిండినవో లేదో, జూలై 2వ తేదీ రాత్రి తీసిన ఛాయాచిత్రమున చుక్కల నడుమ ఒక మసక మచ్చ వారి కంటబడెను. అది అంతవరకెవ్వరు నెఱుగని తోకచుక్క! ఆచార్య బార్ట్ బాక్, సహాధ్యాయి న్యూకర్క్ తోడ్పడుటచే దానికి బప్పు–బాక్–న్యూకర్క్ అని పేరిడిరి. పసిఫిక్ ఖగోళ సంఘము వారు డోన్హో పతకము నిచ్చిరి. తరగతిలో నేర్చిన విద్యకంటె, చిన్ననాట గాజుపలకలను చూచి చూచి అలవడిన దృష్టియే ఆ మచ్చను పట్టినదని నా తలంపు.

1952లో డాక్టరు పట్టమంది, పిదప పాలోమారులో పనిచేసిరి. సూర్యుని వంటి, అంతకంటె చల్లనైన నక్షత్రముల వర్ణపటమున కాల్షియపు గీతలోని వెలుగు వెడల్పును కొలిచిన, ఆ నక్షత్రపు నిజమైన ప్రకాశము తెలియును. దానినిబట్టి దూరమును లెక్కింపవచ్చును. 1957లో ప్రకటితమైన ఈ సూత్రము ఓలిన్ విల్సన్, బప్పు గార్ల పేర నేటికిని వ్యవహారమున నున్నది.

వారు ఆ దేశముననే నిలిచియుండిన ప్రపంచమున గొప్పవైన దూరదర్శినులు చేతికందియుండును. అయినను 1953లో స్వదేశమునకు మరలిరి. ఉత్తరప్రదేశపు వేధశాలను నైనితాలు కొండకు చేర్చిరి. 1960లో కొడైకనాలు వేధశాలకు అధిపతులైరి. అచ్చట సూర్యుని ఛాయాచిత్రములు అనుదినము తీయుట 20వ శతాబ్ది మొదటినుండి వచ్చుచున్న ఆచారము. రాత్రి పనికి వేరొక తావు కావలసివచ్చెను. వెదకి వెదకి తమిళనాడున జవ్వాది కొండలలోని కావలూరు నెన్నుకొనిరి. మొదట నిలిపినది 38 సెంటీమీటర్ల చిన్న దూరదర్శిని. 1972లో ఒక మీటరుది వచ్చెను. 1977 మార్చి 10వ తేదీన యురేనసు గ్రహపు వలయములు బయల్పడిన రాత్రి, కావలూరు కూడ ఆ గ్రహమునే కనిపెట్టి చూచుచుండెను.

అంతటితో తృప్తి చెందక, 2.34 మీటర్ల దూరదర్శినిని మన దేశముననే నిర్మింప బూనిరి. దర్పణమునకై దిమ్మ జర్మనీ నుండి వచ్చెను. నునుపు చేసినవారు మనవారే. పని సాగుచుండగనే, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షులుగా నున్న కాలమున, 1982 ఆగస్టు 19వ తేదీన మ్యూనిక్ నగరమున వారు మరణించిరి. వయస్సు 55 ఏండ్లు. 1986 జనవరి 6వ తేదీన ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ గారు ఆ దూరదర్శినిని ప్రారంభించి, దానికి వైను బప్పు గారి పేరు పెట్టిరి.