మేజోడు పట్టీతో మోటారు నడిపిన ఇల్లాలు

కిందటి కార్తీకంలో మా అమ్మాయిని హాస్టల్లో దింపి ఒక్కదాన్నే కారులో వస్తున్నాను. చీకటి పడింది. ఉన్నట్టుండి లైట్లు, ఇంజన్ అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. స్టీరింగ్ బిగుసుకుపోతోంది. ఎలాగో బండిని రోడ్డు పక్కకు తెచ్చి హ్యాండ్ బ్రేకు వేశాను. కాళ్లూ చేతులూ ఆడలేదు. మావారికి ఫోన్ చేసి ఏడుద్దామనుకుంటుండగా ఎప్పుడో చదివిన బెర్తా బెంజ్ గుర్తొచ్చింది.

ఎవరీ బెర్తా అంటారా? 1849 మే 3న జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్‌లో పుట్టింది. కార్ల్ బెంజ్‌తో పెళ్లి కుదిరింది. అతని వర్క్‌షాపేమో మునిగిపోయేలా ఉంది. తనకు రావాల్సిన కట్నం డబ్బు పెళ్లికి ముందే అడిగి తెచ్చి, దాన్ని నిలబెట్టింది. 1872లో పెళ్లయింది. మొత్తం ఐదుగురు పిల్లలు. 1886 జనవరి 29న కార్ల్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. కానీ దాన్ని కొనే నాథుడే లేడు!

ఇలా కాదనుకుంది బెర్తా. 1888 ఆగస్టులో ఓ తెల్లవారుజామున భర్తకు చెప్పకుండా, పదిహేనేళ్ల యూజెన్‌ని, పదమూడేళ్ల రిచర్డ్‌ని వెంటేసుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి బండిలో బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో పెట్రోలు బంకులెక్కడివి? వీస్‌లోక్‌లో మందుల షాపులో దొరికే లిగ్రాయిన్ కొని పోసుకుంది. ఇంధనం గొట్టం పూడుకుంటే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది.

అసలు చిక్కు కరెంటుతో వచ్చింది. ఆ ఇంజన్‌లో కరెంటు నిప్పురవ్వ పుడితేనే ఇంధనం మండుతుంది. తీగ మీది తొడుగు ఒరుసుకుపోయి, లోపలి తీగ ఇనుముకు తగిలిందంటే కరెంటు అడ్డదారిన పోతుంది, రవ్వ రాదు. బెర్తా ఏం చేసిందో తెలుసా? మేజోడు జారకుండా కట్టుకునే పట్టీని విప్పి ఆ తీగకు చుట్టింది. బండి కదిలింది! అరిగిన బ్రేకులకు చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తు వచ్చినచోట పిల్లలు దిగి నెట్టారు. సాయంత్రానికి పుట్టిల్లు చేరి భర్తకు టెలిగ్రాం కొట్టింది.

తిరిగొచ్చాక, ఎత్తులెక్కడానికి ఇంకో గేరు పెట్టమని సలహా ఇచ్చింది. కార్ల్ పెట్టాడు. ఆమె ప్రయాణంతోనే బండి పేరు నలుగురి నోళ్లలో పడింది. 1929లో కార్ల్ పోయాడు. 1944 మే 3న, తొంభై అయిదో పుట్టినరోజునాడు, కార్ల్స్‌రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ సెనేటర్ హోదా ఇచ్చింది. సరిగ్గా రెండు రోజులకు లాడెన్‌బర్గ్‌లో కన్నుమూసింది.

ఆ రాత్రి నేనూ ఆలోచించాను. లైట్లు కాసేపు మసకబారి తర్వాత ఆగితే బ్యాటరీ చార్జి కావడం లేదని అనుకోవచ్చు. అన్నీ ఒక్కసారే పోయాయంటే బ్యాటరీ దగ్గరే ఏదో ఊడి ఉంటుంది. స్విచ్ కట్టేసి, బానెట్ ఎత్తి సెల్‌ఫోన్ వెలుగులో చూశాను. బ్యాటరీ నల్ల తీగ బిగింపు వదులై కదులుతోంది. చీర కొంగు మడిచి పట్టుకుని గట్టిగా తిప్పి అదిమాను. తాళం తిప్పితే లైట్లు వెలిగాయి! నెమ్మదిగా ఇల్లు చేరి, మర్నాడు మెకానిక్ చేత బిగింపు మార్పించాను.

ఇప్పుడు నా కారులో ఓ పానా, కాస్త ఇన్సులేషన్ టేపు, టార్చిలైటు ఉంటాయి. మీ కారులోనూ పెట్టుకోండి. బెర్తాకి అవి కూడా లేవు కదా!