కాలిపోయిన వ్రాతప్రతులు

1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున బెంగాలులోని శ్రీరాంపూరు మిషను ముద్రణాలయము అగ్నికి ఆహుతియాయెను. విలియం కేరీ గారు అప్పుడు కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాల పనిమీద ఉండిరి. మరునాడు మార్ష్‌మన్ గారు వచ్చి వార్త తెలుపగా ఆయన స్తంభించిపోయిరి. కాగితము, అనేక భాషల అచ్చు అక్షరములు, బహుభాషా నిఘంటువు కాలిపోయెను. మన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి సయితము దక్కలేదు. చూచువారికి అది బూడిద. వ్రాసినవారికి ఏండ్ల తరబడి ధారపోసిన ఆయుష్షు.

నిరాశ ఆయనకు క్రొత్తది కాదు. 1794లో కుమారుడు పీటరును పోగొట్టుకొనిరి. భార్య డొరతీ గారు మతి చలించి, 1807లో మరణించువరకు ఆ స్థితిలోనే ఉండిరి. ఇండియాకు వచ్చిన 7 ఏండ్లకు, 1800 డిసెంబరులో గాని కృష్ణపాల్ బాప్తిస్మము పొందలేదు.

ఈ పర్యాయమును ఆయన దేవుని చిత్తమునకు తలవంచిరి. వార్డు గారు శిథిలములను వెదకగా అక్షరములు చెక్కిన ఉక్కు అచ్చులు చెడక దొరికెను. కరిగిన లోహముతోనే మరల అక్షరములు పోతపోయించిరి. కేరీ గారు యథాప్రకారము వేకువనే తోటలో ప్రార్థించి, పండితులతో కూర్చుండి, పోయిన పుటలను మొదటినుండి వ్రాయసాగిరి. తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అదే శ్రీరాంపూరులో అచ్చయ్యెను.