విల్లెం కారెల్ డికె

విల్లెం కారెల్ డికె (1905 ఫిబ్రవరి 15 - 1962 ఏప్రిల్ 26) నెదర్లాండ్స్ దేశానికి చెందిన ప్రముఖ శిశువైద్యుడు. సీలియాక్ వ్యాధికి కారణం గోధుమ, రై ధాన్యాలని నిరూపించి, ఆ వ్యాధికి గోధుమ లేని ఆహారమే చికిత్స అని లోకానికి తెలియజేసినది ఈయనే. ఎందరో పసిపిల్లలను బలిగొన్న ఈ వ్యాధికి మందు ఏదో కొత్తగా కనుగొనడం కాక, రోజూ తినే రొట్టెను పళ్ళెంలో నుండి తీసివేయడమే పరిష్కారమని చూపడం ఈయన ప్రత్యేకత.

బాల్యం, విద్యాభ్యాసం

డికె 1905లో నెదర్లాండ్స్‌లోని డోర్‌డ్రెక్ట్ పట్టణంలో జన్మించాడు. 1922 నుండి 1929 వరకు లైడెన్‌లో వైద్యశాస్త్రం అభ్యసించాడు. తరువాత ది హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆసుపత్రిలో శిశువైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందాడు. 1936లో, 31 సంవత్సరాల వయసులోనే, అదే ఆసుపత్రికి వైద్య సంచాలకుడయ్యాడు.

అప్పటి వైద్యుల అవగాహన

సీలియాక్ వ్యాధి సోకిన పిల్లలు ఎంత తిన్నా ఎదగరు. పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల వలె సన్నబడతాయి. విరేచనాలు జిడ్డుగా, దుర్వాసనతో అవుతుంటాయి. ఇంగ్లాండుకు చెందిన సామ్యూల్ గీ అనే వైద్యుడు 1888లో ప్రచురించిన వ్యాసంలో ఈ లక్షణాలను స్పష్టంగా వర్ణించాడు. నయమయ్యే మార్గమంటూ ఉంటే అది ఆహారం ద్వారానే ఉంటుందని కూడా ఆయన ఊహించాడు. కానీ ఏ ఆహారమో ఆయనకు తెలియలేదు. రోజూ ఆల్చిప్పల మాంసం తిన్న ఒక బిడ్డ బాగా కోలుకుని, వాటి కాలం ముగియగానే మళ్ళీ జబ్బు పడిందని ఆయన నమోదు చేశాడు.

1924లో అమెరికా వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యాన్ని ప్రతిపాదించాడు. ఈ పథ్యంతో పిల్లలు కోలుకునేవారు. అందువల్ల అరటిపండులోనే ఏదో గుణం ఉందని అందరూ నమ్మారు. నిజానికి ఆ పథ్యంలో రొట్టె, ఇతర ధాన్యాలు నిషిద్ధం కావడమే అసలు కారణం. కోలుకున్న పిల్లలకు తిరిగి రొట్టె పెట్టినపుడు జబ్బు తిరగబెట్టడానికి కూడా కారణం ఇదే.

తొలి అనుమానం

డికెకు గోధుమపై అనుమానం 1930 దశకంలోనే కలిగింది. జబ్బుతో ఉన్న తన బిడ్డకు రొట్టె మాన్పించగానే ఒంటిమీది దద్దుర్లు తగ్గాయనీ, మళ్ళీ పెట్టగానే తిరిగి వచ్చాయనీ ఒక యువతి ఆయనకు చెప్పినట్లు ఆయన జీవితాన్ని పరిశీలించిన వైద్యులు వ్రాశారు. ఆ తల్లి మాటను ఆయన కొట్టిపారేయలేదు. 1934, 1936 మధ్య కాలంలో కొందరు పిల్లలకు గోధుమ లేని ఆహారం ఇచ్చి చూశాడు. 1941లో డచ్చి వైద్య పత్రికలో ఒక వ్యాసం ప్రచురించి, ఈ పిల్లలకు రొట్టె, రస్కులు పెట్టరాదని సూచించాడు. ఆ వ్యాసం డచ్చి భాషలో ఉండడం, దేశం జర్మనీ ఆక్రమణలో ఉండడం వల్ల దానికి విదేశాలలో ప్రచారం లభించలేదు.

ఆకలి శీతాకాలం

రెండవ ప్రపంచ యుద్ధం చివరిలో, 1944-45 శీతాకాలంలో, పశ్చిమ నెదర్లాండ్స్ తీవ్రమైన కరవుకు గురయింది. జర్మన్ సైన్యం ఆహార రవాణాను అడ్డుకోవడంతో రొట్టె కరవై, ప్రజలు తులిప్ దుంపలు, చక్కెర దుంపలు తిని బ్రతికారు. సుమారు 20 వేల మంది మరణించారని అంచనా. అందరూ చిక్కిపోతున్న ఆ రోజులలో సీలియాక్ పిల్లలు మాత్రం క్షీణించక, కొంత మెరుగుపడడం డికె గమనించాడు. 1945 వసంతంలో రొట్టె తిరిగి దొరకసాగిన తరువాత వారికి జబ్బు తిరగబెట్టింది.

ఈ కరవే గోధుమ రహస్యాన్ని బయటపెట్టిందని అనేక పుస్తకాలలో కనిపిస్తుంది. ఇది పూర్తిగా సరికాదు. పైన చెప్పినట్లు డికె అనుమానం యుద్ధానికి ముందే మొదలైంది. కరవు ఆ అనుమానాన్ని బలపరచింది. కరవులో రొట్టెతో పాటు ఎన్నో పదార్థాలు ఒకేసారి దొరకకుండా పోయాయి. కనుక దోషం గోధుమదేనని తేల్చడానికి అది ఒక్కటే చాలదు. ఈ విషయం డికెకు తెలుసు. అందుకే ఆయన యుద్ధం తరువాత ప్రయోగాలను కొనసాగించాడు.

నిరూపణ

డికె కొద్దిమంది పిల్లలను దీర్ఘకాలం తన పర్యవేక్షణలో ఉంచి, వారి ఆహారంలో ఒక్కొక్క ధాన్యాన్ని చేరుస్తూ, తీసివేస్తూ, బరువును, ఎదుగుదలను గీతపటాలలో నమోదు చేశాడు. గోధుమ చేర్చిన వెంటనే కాక, కొన్ని వారాల తరువాత పిల్లలు క్షీణించడం గమనించాడు. తిన్న మరునాడే చెడు కనిపించకపోవడం వల్లనే ఇంతకాలం ఎవరూ గోధుమను అనుమానించలేదని దీనిని బట్టి అర్థమవుతుంది. గోధుమ, రై పిండి హాని చేశాయి. బియ్యం, మొక్కజొన్న, బంగాళాదుంప హాని చేయలేదు. ఈ పరిశీలనలతో 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత వ్యాసం సమర్పించి డాక్టరేటు పొందాడు.

జీవరసాయన శాస్త్రవేత్త వాన్ డి కామర్, శిశువైద్యుడు వైయర్స్ ఈ పనిలో ఆయనకు సహకరించారు. మలంలోని కొవ్వును కొలిచే పద్ధతిని వాన్ డి కామర్ రూపొందించాడు. గోధుమ తిన్నపుడు కొవ్వు జీర్ణం కాక ఎంత బయటకు పోతున్నదో దీనితో అంకెలలో చెప్పగలిగారు. గోధుమలోని పిండిపదార్థం నిర్దోషి అనీ, గ్లూటెన్ అనే మాంసకృత్తు, ముఖ్యంగా అందులో ఆల్కహాలులో కరిగే గ్లయాడిన్ అనే భాగం దోషి అనీ తేల్చారు. 1953లో వెలువడిన వీరి వ్యాసాలు ప్రసిద్ధి పొందాయి. ఈలోగా 1952లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో షార్లెట్ ఆండర్సన్ బృందం కూడా గోధుమ పిండి హాని చేస్తుందని ధ్రువీకరించింది.

గ్లూటెన్ వల్ల చిన్న ప్రేగులోని ఆంత్ర చూషకాలు చదునైపోయి ఆహారాన్ని పీల్చుకోలేవని ఆ తరువాతి కాలంలో తెలిసింది. ఇది శరీరం తన కణజాలంపై తానే దాడి చేసే వ్యాధి. జన్యుపరంగా అవకాశం ఉన్నవారికే వస్తుంది.

చివరి సంవత్సరాలు

డికె 1957లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా, అక్కడి విల్హెల్మినా పిల్లల ఆసుపత్రి సంచాలకుడుగా నియమితుడయ్యాడు. 1962లో, 57 సంవత్సరాల వయసులో మరణించాడు. నెదర్లాండ్స్ జీర్ణకోశ వైద్యుల సంఘం ఆయన పేరిట ఒక పతకాన్ని నెలకొల్పింది.

గ్లూటెన్ లేని ఆహారం

డికె చూపిన పథ్యమే నేటికీ ఈ వ్యాధికి ప్రధాన చికిత్స. దీనిని జీవితాంతం పాటించాలి. గోధుమ, బార్లీ, రై ధాన్యాలు పనికిరావు. (రై అనేది ఐరోపాలో రొట్టెలకు వాడే ధాన్యం, ఆవాలు కాదు.) ఓట్లు చాలామందికి సరిపడినా, మిల్లులలో గోధుమ కలిసే ప్రమాదం ఉంది. కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గ్లూటెన్ లేనిదిగా అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు. భారతదేశం కూడా ఇదే పరిమితిని పాటిస్తుంది.

ఈ వ్యాధి గోధుమ ప్రధాన ఆహారమైన ఉత్తర భారతంలో ఎక్కువ. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఉత్తరాన పరీక్షించిన పెద్దలలో 1.23 శాతం మందికి, దక్షిణాన 0.10 శాతం మందికి ఈ వ్యాధి కనిపించింది. వరి, జొన్న, రాగి, సజ్జ, కొర్రలలో గ్లూటెన్ లేదు కనుక తెలుగువారి సంప్రదాయ భోజనం చాలావరకు నిరపాయకరం. అయితే గ్లూటెన్ కనిపించకుండా చేరే దారులు మన వంటింట్లోనూ ఉన్నాయి.

ఇంగువ: బజారులో దొరికే ఇంగువలో తరచు గోధుమ పిండి లేదా మైదా కలుపుతారు. సాంబారు, చారు, పులిహోర, ఊరగాయల ద్వారా ఇది లోపలికి చేరుతుంది.
రవ్వ: ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసినది, బొంబాయి రవ్వ గోధుమతో చేసినది. సేమియా సాధారణంగా గోధుమదే.
మాల్టు పానీయాలు: వీటిలో చాలావాటికి బార్లీ, గోధుమలే ఆధారం. మొలకెత్తిన రాగులతో ఇంట్లో చేసుకున్న రాగి మాల్టులో గ్లూటెన్ ఉండదు.
పిండిమర: గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడిస్తే గోధుమ పిండి కలుస్తుంది.
నూనె: మైదా వంటకాలు వేయించిన నూనెలో వేయించిన గారెలు, అప్పడాలు కూడా సురక్షితం కావు.
సోయా సాస్, కొన్ని మసాలా పొడులు, కొన్ని మందుబిళ్ళలలోని పూరక పదార్థాలు.

వ్యాధి ఉందని అనుమానం కలిగినవారు పరీక్షలకు ముందే గోధుమ మానరాదు. మానితే రక్తపరీక్షలోను, ప్రేగు ముక్క పరీక్షలోను వ్యాధి బయటపడకపోవచ్చు. వైద్యుడు నిర్ధారించిన తరువాతనే పథ్యం మొదలుపెట్టాలి.