చంద్రునిపై నీరు: సాంబశివరావుగారి పునాది

సికింద్రాబాదుకు ఉత్తరాన ఉన్న అల్వాల్ నుండి తూర్పువైపుగా కొద్ది మైళ్లు పోతే కుషాయిగూడ ప్రాంతం వస్తుంది. అక్కడ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కర్మాగారమున్నది. చంద్రునిపై నీటి జాడ తెలియటంలో ఆ కర్మాగారానికి కూడా పాలున్నది. దానిని నెలకొల్పినవారు అయ్యగారి సాంబశివరావు.

ఆయన 1914 సెప్టెంబరు 20వ తేదీన పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లులో జన్మించినారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్‌సి. చదివి అక్కడనే అధ్యాపకులైనారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు అభ్యసించి, స్వదేశానికి తిరిగివచ్చి, హోమీ భాభాగారి పరిశోధక బృందంలో చేరినారు.

ఆ కాలంలో సున్నితమైన పరికరాలు విదేశాల నుండి రావలసినదే. పరికరాన్ని కొనవచ్చును గాని, దానిని చేసే నేర్పును కొనలేమని సాంబశివరావుగారు గ్రహించినారు. 1956 ఆగస్టులో ట్రాంబేలో అప్సర అణురియాక్టరు పనిచేయ నారంభించినది. దాని నియంత్రణ పరికరాలను ఆయన బృందమే రూపొందించినది. ఆ అనుభవం నుండే 1967లో హైదరాబాదులో ఈ సంస్థ వెలసినది. రెండేళ్లలో అది కంప్యూటరును కూడా తయారుచేసినది. 1972లో ప్రభుత్వం సాంబశివరావుగారిని పద్మభూషణ్‌తో గౌరవించినది.

2003 అక్టోబరు 31న ఆయన కన్నుమూసినారు. అయిదేళ్ల తరువాత, 2008 అక్టోబరు 22న, శ్రీహరికోట నుండి చంద్రయాన్ బయలుదేరినది. సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరం నుండి వచ్చే సంకేతం అతి క్షీణమైనది. దానిని అందుకొనుటకు బెంగుళూరు సమీపాన బైలాలులో 32 మీటర్ల వ్యాసం గల యాంటెన్నాను నిలిపినారు. దానిని నిర్మించినది సాంబశివరావుగారి సంస్థయే.

ఆ నౌకలో అమెరికావారి పరికర మొకటి చంద్రునిపై నుండి మరలివచ్చే సూర్యకాంతిని పరిశీలించినది. నీటి అణువులు పరారుణ కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకొంటవి. ఆ లోటును బట్టి నీటి జాడ ఉన్నదని 2009 సెప్టెంబరులో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. ధ్రువాల వద్ద ఎన్నడూ ఎండ సోకని గోతులలో మంచు ఉన్నదని అదే పరికరం ఇచ్చిన సమాచారం నుండి 2018లో తేల్చినారు.

ఈ ఫలితాలను చూచే భాగ్యం సాంబశివరావుగారికి కలుగలేదు. అయినను ఆయన నేర్పిన విద్య ఆయనతో పోలేదు. కర్మాగారం చెంతనున్న ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరుతో వెలసినదే. ఆ పేరు వెనుక ఉన్న జీవితాన్ని విద్యార్థులు తెలిసికొనుట మంచిది.