తులసికి నీళ్లు పోశాకే అన్నం: వినోబాకి ఇల్లే తొలి బడి



మన అదిలాబాద్ దిక్కు బాసర గురించి తెలియని వాళ్లుండరు. గోదావరి ఒడ్డున సరస్వతమ్మ గుడిలో అమ్మానాన్నలు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాభ్యాసం చేయిస్తారు. బియ్యంలో ఓంకారం దిద్దిస్తారు, ఫోటోలు తీసుకుంటారు. అంతా బాగుంటుంది. మరి ఇంటికొచ్చాక? చాలామంది ఇళ్లల్లో ఆ పలక అలమరలోకి వెళ్తుంది, పిల్లాడి చేతికి ఫోన్ వస్తుంది.

మన పక్కింటి క్రైస్తవ కుటుంబాల్ని చూడండి. పిల్లలకు బైబిల్ కథ చెబుతారు, ఆ కథకి తగ్గ బొమ్మ వేయిస్తారు, కాగితంతో ఏదో ఒకటి చేయిస్తారు. కథ చెవిలోంచి చేతిలోకి వస్తుంది. మన ఇళ్లల్లో ఇలాంటిది లేదా అని మీకు అనిపించొచ్చు. ఉంది. ఎలా ఉండేదో తెలియాలంటే ఆచార్య వినోబా భావే చిన్నతనం చూడాలి.

వినోబా అసలు పేరు వినాయక్ నరహరి భావే. 1895 సెప్టెంబర్ 11న మహారాష్ట్రలోని కొంకణ ప్రాంతంలో గాగోదె అనే చిన్న పల్లెలో పుట్టారు. నాన్న నరహరి ఉద్యోగం కోసం బరోడాలో ఉండేవారు. అందుకని పిల్లాడు తాతయ్య శంభూరావు, అమ్మ రుక్మిణీదేవి దగ్గర పెరిగాడు. తర్వాత బరోడాలో బడికి వెళ్లాడు గానీ, మనిషిని తయారుచేసిన బడి మాత్రం గాగోదె ఇల్లే.

ఆ ఇంట్లో పాఠాలన్నీ పనులే. పొద్దున తులసికి నీళ్లు పోశావా అని అమ్మ అడిగేది. పోయకపోతే అన్నం పెట్టేది కాదు. దాని మీద ఉపన్యాసం ఏమీ ఉండదు. మనకంటే ముందు ఇంకో ప్రాణం దాహం తీరాలి అన్నది పిల్లాడికి ఆకలి వల్లే అర్థమైంది.

వినాయక చవితికి ఇంట్లోనే విగ్రహం చేసేవారు. తాతయ్య పక్కన కూర్చుని పిల్లలు గంధం తీసేవాళ్లు. తమ చేతులతో తయారైన గణపయ్యకి పూజలు, హారతులు. తర్వాత ఆయన్నే తీసుకెళ్లి నీళ్లల్లో కలిపేయడం! ఇంత కష్టపడి చేసింది ఎందుకు వదిలేయాలి అని ఏ పిల్లాడికైనా అనిపిస్తుంది. ఆవాహన, విసర్జన అంటే ఏంటో వినోబా పుస్తకం కంటే ముందు అక్కడే నేర్చుకున్నారు. ప్రేమగా చేయాలి, టైమ్ వచ్చినప్పుడు వదలడం కూడా తెలియాలి.

తాతయ్య చాంద్రాయణ వ్రతం పట్టేవారు. శుక్లపక్షంలో పాడ్యమికి ఒక ముద్ద, విదియకి రెండు, అలా పౌర్ణమికి పదిహేను. తర్వాత రోజుకో ముద్ద తగ్గించుకుంటూ అమావాస్యకి పూర్తి ఉపవాసం. చంద్రోదయం కోసం ఎదురుచూసి పూజ చేసే రాత్రుల్లో, అమ్మ నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపి ప్రసాదం పెట్టేది. తిథులు నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది చెప్పండి?

పెరట్లో పనస పండితే ముందు ఇరుగుపొరుగు ఇళ్లకి పంచి రావాల్సిందే. ఆ తర్వాతే ఇంట్లో పిల్లలకి. ఇచ్చే గుణం దేవుడిది, దాచుకునే గుణం రాక్షసుడిది అని అమ్మ నేర్పింది.

ఇంకో సంఘటన నాకు చాలా ఇష్టం. రుక్మిణమ్మ దేవుడికి లక్ష బియ్యపు గింజలు సమర్పించాలని మొక్కుకుని, రోజూ ఒక్కొక్కటి లెక్కపెట్టేది. నాన్న చూసి, ఒక తులం బియ్యం తూచి, అందులో గింజలెన్నో లెక్కపెడితే లక్షకి ఎన్ని తులాలో తేలిపోతుంది కదా అన్నారు. లెక్క కరెక్టే. ఆమెకి జవాబు తోచక కొడుకుని అడిగింది. వినోబా చెప్పింది ఇదీ: ఇది లెక్కల పని కాదు, గింజగింజకీ మనసు దేవుడి మీద నిలుస్తుంది, కాబట్టి లెక్కపెట్టడమే పూజ. అమ్మ దగ్గర చదువుకున్న పిల్లాడు ఆ రోజు అమ్మకే పాఠం చెప్పాడు.

కాస్త పెద్దయ్యాక ఆమె ఒక కోరిక కోరింది. గీత వినాలని ఉంది, కానీ సంస్కృతం రాదు. కొడుకు ఒక మరాఠీ అనువాదం తెచ్చిచ్చాడు, ఆమెకి కష్టంగా అనిపించింది. ఇంకోటి తెచ్చాడు, అదీ అంతే. అలాంటప్పుడు నువ్వే ఎందుకు రాయకూడదు అని అడిగింది.

1916లో వినోబా తన సర్టిఫికెట్లని వంటింటి పొయ్యిలో వేసి, ఇంటర్ పరీక్షకి వెళ్లే దారిలో రైలు దిగి కాశీకి వెళ్లిపోయారు. (మీరెవరూ అలా చేయకండి!) అదే ఏడాది గాంధీజీ ఆశ్రమంలో చేరారు. 1918లో అమ్మ వెళ్లిపోయింది. గీత మరాఠీ పద్యాల్లోకి వచ్చింది మాత్రం 1930–31లో. దాని పేరు గీతాయి, అంటే గీత అనే అమ్మ. ఎవరు అడిగితే రాశారో ఆమె వినలేకపోయింది. కానీ ఆమెలాగే సంస్కృతం రాని వేల మంది తల్లులు విన్నారు. 1932లో ధూలే జైల్లో తోటి ఖైదీలకి వారానికో అధ్యాయం చొప్పున గీత చెప్పారు. అదే గీతా ప్రవచనాలు, తెలుగులో కూడా దొరుకుతుంది. తర్వాత వేలూరు జైల్లో తెలుగుతో సహా దక్షిణాది భాషలు నేర్చుకున్నారు. ఖురాన్, బైబిల్ కూడా అంతే శ్రద్ధగా చదివి, వాటి సారాన్ని పుస్తకాలుగా ఇచ్చారు.

ఇక మన నేలకి వద్దాం. 1951 మార్చి 8న వార్ధా దగ్గరి పౌనార్ నుంచి కాలినడకన బయల్దేరి, అదిలాబాద్ మీదుగా హైదరాబాద్ పక్కన శివరాంపల్లికి వచ్చారు. దాదాపు 500 కిలోమీటర్లు! అప్పట్లో తెలంగాణ పల్లెలు భూమి కోసం రక్తం చిందిస్తున్నాయి. ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. వినోబా ఊరివాళ్లని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. తర్వాత వినోబా ఏళ్ల తరబడి దేశమంతా నడుస్తూ, నన్ను మీ ఇంట్లో ఇంకో కొడుకుగా అనుకుని నా వాటా ఇవ్వండి అన్నట్టుగా అడిగారు. దానంగా వచ్చిన భూమంతా పేదలకి చేరలేదు, కొంత సాగుకి పనికిరాలేదు, నిజమే. కానీ ఆ అడగడం ఎక్కడిది? పనసతొనలు ముందు పక్కింటికి పంపిన అమ్మ దగ్గరిది.

1982 నవంబర్ 15న పౌనార్‌లో వినోబా కన్నుమూశారు.

మరి మనం ఏం చేయొచ్చు? బాసర నుంచి వచ్చిన పలకని దాచేయకండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఒక తులసి కుండీ పెట్టి, ఆ బాధ్యత పిల్లలకే ఇవ్వండి. చవితికి మట్టి గణపతిని వాళ్ల చేతులతోనే చేయించండి. ఏకాదశికో పౌర్ణమికో డాబా మీదికి తీసుకెళ్లి చంద్రుణ్ణి చూపించండి. ప్రసాదం చేసినప్పుడు మొదటి గిన్నె పక్క ఫ్లాట్‌కి పిల్లలతోనే పంపండి, వాళ్లది ఏ మతమైనా సరే. కథ ఆ తర్వాత చెప్పండి, అప్పుడు చెవికెక్కుతుంది.

ఈ వారం వీటిలో ఒక్కటైనా మొదలుపెట్టండి. సరస్వతమ్మ చల్లగా చూడాలి. శుభం!