ఆలస్యముపై పోరాడిన వైద్యురాలు: ముత్తులక్ష్మీరెడ్డి

వెలిగండ్ల, కనిగిరి ప్రాంతమువారికి చెన్నపట్టణము పరాయి ఊరు కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించువరకు ఆ నగరమే వారికి రాజధాని. 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడువరకు కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. రాష్ట్రములు వేరైన పిదపను, రాచకురుపు అను మాట చెవిని పడినప్పుడు తెలుగు పల్లెలలో ఎందరి చూపో అడయారు వైపు మరలెడిది. ఆ అడయారు ఆసుపత్రిని నెలకొల్పిన మహనీయురాలు డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి. దాని పుట్టుకకు మూలము ఆమె ఇంట జరిగిన ఒక మరణము.

ముత్తులక్ష్మి 1886 జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానములో జన్మించెను. తండ్రి నారాయణస్వామి అయ్యరు కళాశాలాధ్యక్షుడు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబమున పుట్టినది. ఆడపిల్ల బాలురతో కూడి చదువుట తగదని పలువురు అడ్డు చెప్పినను, ఆమె మహారాజా కళాశాలలో ప్రవేశము సంపాదించెను. 1912లో మద్రాసు వైద్య కళాశాలనుండి పట్టము పుచ్చుకొనెను. 1914లో డాక్టరు సుందరరెడ్డిని వివాహమాడెను. 1927లో మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షురాలై, దేవదాసీ వ్యవస్థను రూపుమాపుటకు నడుము కట్టెను. ఆమె కోరిన నిషేధము 1947లో సంపూర్ణమైన శాసనరూపము దాల్చినది. అనాథలైన బాలికలకు అవ్వై ఆశ్రమము ఆమె చలువయే.

ఈ కీర్తి కలుగుటకు ముందే ఆమె గుండెపై మానని గాయమొకటి పడినది. చెల్లెలు సుందరంబాళ్ జబ్బుపడెను. వైద్యులు దానిని జిగట విరేచనములని భావించి తదనుగుణముగా మందులిచ్చిరి. కాలము గడిచినదేగాని గుణము కానరాలేదు. అది పెద్దప్రేగు చివర, ఆసనభాగమునందు పుట్టిన క్యాన్సరని తేలునప్పటికి వ్యాధి చేయి దాటిపోయెను. 1923లో ఆమె కన్నుమూసెను. అక్కయు బావయు వైద్యులై యుండియు ఆ ఇల్లాలిని కాపాడుకొనలేకపోయిరి. రోగము ఒక సామాన్యవ్యాధి వేషమున వచ్చి ఇంటిల్లిపాదిని మోసగించినది. వైద్యుల ఇంటనే ఇట్లు జరిగినచో, వైద్యుని ముఖమెరుగని పల్లెటూరివారి గతి యేమి? ఈ ప్రశ్న ముత్తులక్ష్మిని జీవితాంతము విడువలేదు.

1925లో ఉన్నతవిద్యకై ఇంగ్లండు వెళ్లినప్పుడు, లండనులో క్యాన్సరుకు ప్రత్యేకముగా వెలసిన ఆసుపత్రి ఆమె దృష్టి నాకర్షించెను. తొలిదశలో పట్టుకొన్నచో ఈ వ్యాధిని జయింపవచ్చునన్న నమ్మకము అచ్చట దృఢపడెను. 1935లో మద్రాసు వైద్య కళాశాల శతవార్షికోత్సవ సందర్భమున, అట్టి ఆసుపత్రి దక్షిణదేశమునకు కావలెనని ఆమె ప్రకటించెను. ఆదరించినవారు కొందరే. క్యాన్సరు వచ్చినవాడెట్లును చనిపోవును, వానికై ధనము వెచ్చించుట దేనికన్న భావము ఆనాడు పెద్దలలోను పాతుకొని యుండెను. 1941లో బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి వెలసినను, చెన్నపట్టణములో ఆమె ఆశ ఆశగానే మిగిలినది.

ఆమె జనమును ఆశ్రయించెను. భారత మహిళా సంఘము పక్షమున 1949లో క్యాన్సరు సహాయనిధి ప్రారంభమాయెను. విదేశములలో శిక్షణ పొందిన కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి తల్లికి కుడిభుజమయ్యెను. 1952లో ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1954 జూన్ 18వ తేదీన 12 పడకలతో ఆసుపత్రి తలుపులు తెరచినది. నాటికి ముత్తులక్ష్మికి అరువదియేడేండ్లు నిండినవి. చెల్లెలు పోయి మూడు దశాబ్దములు గడచినవి. మరుసటి యేట డాక్టరు శాంత అందు చేరి, తన ఆయువునెల్ల ఆ సంస్థకే ధారపోసెను. 1968 జూలై 22వ తేదీన ముత్తులక్ష్మి పరమపదించెను.

ఆమె చెల్లెలిని మోసగించిన వేషములు నేటికిని పల్లెలలో చెల్లుచునేయున్నవి. విరేచనములో నెత్తురు పడినచో వేడి చేసినదనియో, మొలలనియో అనుకొని పసరుమందుతో కాలము గడుపువారు కలరు. కనిగిరి, పొదిలి ప్రాంతములు పొగాకుకు పేరుపడినవి. పొగాకు నమలువారికిని, చుట్ట కాల్చువారికిని నోటి క్యాన్సరు ముప్పు అధికము. నోటిలో రెండు మూడు వారములకును మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు సరిగా తెరచుకొనకపోవుట, గొంతు బొంగురు తగ్గకపోవుట, మ్రింగుట కష్టమగుట ఉపేక్షింపదగినవి కావు. స్త్రీలకు రొమ్ములో గడ్డ నొప్పి లేకయే పుట్టవచ్చును. నొప్పి లేకుండుట క్షేమమునకు గుర్తు కాదు. ముట్లుడిగిన పిదప నెత్తురు కనబడుట, కారణము లేకయే శరీరము చిక్కిపోవుట, మలవిసర్జన క్రమము మారి చాలకాలము అట్లే యుండుట ఇట్టి హెచ్చరికలే. ఇవి కనబడినంతమాత్రమున క్యాన్సరేయని బెదరనక్కరలేదు. పెక్కు సందర్భములలో కారణము వేరుగా నుండును. కాని అది తేల్చవలసినది పరీక్షయేగాని ఊహ కాదు.

ముప్పది యేండ్లు నిండినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించు జాతీయ కార్యక్రమము నేడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వరకు వచ్చినది. 1923లో ఇట్టిది ఊహకైనను అందనిది. సిగ్గుచేతనో, భయముచేతనో, ఖర్చునకు జంకియో, పంట చేతికి వచ్చిన పిదప చూతమనియో ఆ పరీక్షను వాయిదా వేయు ఇల్లాలికి ముత్తులక్ష్మి జీవితము చెప్పునది ఒక్కటే: సుందరంబాళ్‌కు దక్కని వ్యవధి ఆమెకు ఉన్నది, అది ఎల్లకాలము ఉండదు.